చావింట్లో చదవని వాక్యం

మా ఆయన జయచంద్ర పోయి ఏడు నెలలయింది. ఆయన చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయినాను. "ఇండ్లకాడికి పోయి ప్రశ్నలడుగుతాడు" అంటే, "ఓహో, జనాభా లెక్కలా?" అనేవాళ్ళు. కాదు. "ఓట్ల సర్వేనా?" అదీ కాదు. అంతకు మించి చెప్పడం చేతగాక ఊరుకునేదాన్ని. ఏడో తరగతితో చదువు మానేసిన మనిషిని. అయినా పందొమ్మిదేండ్లు ఆ పనిని పక్కనుంచి చూసినాను. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తా ఉండాను.

తిరుపతిలో ఒక పరిశోధన ఆఫీసు ఉండాది. వేరే దేశాల యూనివర్సిటీలలో ఆర్థికశాస్త్రం చెప్పే పెద్దోళ్ళు, బీద దేశాలలో జనం ఎట్లా బతుకుతా ఉండారు, ఏం చేస్తే కొంచెం తేరుకుంటారు అని ఆలోచన చేస్తారు. ఆ ఆలోచన సరైనదో కాదో తేలాలంటే ఎవరో ఒకరు పల్లెలు తిరిగి వేల ఇండ్లలో అడగాల. మా పక్క అట్లా తిరిగే పన్నెండు మందికి మా ఆయన సూపర్వైజరు. మా వడమాలపేటలో తెల్లారి ఆరింటికి బండి తీస్తే ఒకరోజు పుత్తూరు పక్క, ఒకరోజు నగరి పక్క. మధ్యాహ్నానికి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. వేరే ఏం పెట్టినా, ఎండకు చెడిపోతుందని వద్దనేవాడు.

కొత్త ప్రశ్నలు ఎప్పుడొచ్చినా ముందు నన్ను కూర్చోబెట్టి అడిగేవాడు. ఇంగ్లీషులో వచ్చినదాన్ని ఆయనే తెలుగు చేసేవాడు. నేను కూరగాయలు తరుగుతా ఉంటే ఎదురుగా పీట వేసుకుని, ఎవరో తెలియని మనిషి మాదిరి గొంతు మార్చి, "అమ్మా, నిన్న మీ ఇంట్లో ఎవరైనా ఆకలితో పడుకున్నారా?" అనేవాడు.

"అట్లడిగితే ఎవరు చెప్తారయ్యా? పరువు పోదా?" అన్నాను ఒకసారి. "నిన్న పొయ్యి ఎన్నిసార్లు ముట్టించినావమ్మా అని అడుగు. అదయితే చెప్తారు."

ఆ ప్రశ్న అట్లాగే మార్చినాడు. ఆఫీసులో, "మా ఇంట్లో ఒక ప్రొఫెసరమ్మ ఉండాది, ఆమె ఒప్పుకుంటేనే ప్రశ్న బయటికొచ్చేది" అని చెప్పి అందరినీ నవ్వించేవాడంట. నాకు సిగ్గేసేది, సంతోషంగానూ ఉండేది.

ఆ ప్రశ్నలన్నింటికీ చివర ఒక మాట ఉంటుంది. అదీ ఆయన తెలుగు చేసిందే. "మీరు ఓపికతో చెప్పినందుకు చాలా సంతోషం. మళ్ళీ ఏడాది మీ ఇంటికి మళ్ళీ వస్తాము." ఒకే ఇంటికి ఏడాదికొకసారి పోయి అడిగితేనే వాళ్ళ పరిశోధన సాగుతుంది. అందుకని ఆ సంగతి ఇంటివాళ్ళకు చెప్పి తీరాల. చెప్పినాక ట్యాబులో, 'పై మాటలన్నీ పూర్తిగా చదివి వినిపించాను' అనే గడిలో టిక్కు పెట్టాల. టిక్కు పెట్టకపోతే ట్యాబు ముందుకు కదలదు.

ఆ మాట మొదటిసారి నాకు చదివి వినిపించినప్పుడు, "చావు జరిగిన ఇంట్లో ఇది చదవకూడదు కదా" అన్నాను.

"చావింట్లో ఎవరు చదువుతారే? ఎవురికి తెలీదు ఆ సంగతి?" అన్నాడు.

నిజమే, మా పక్క తెలియనివాళ్ళు లేరు. చావు జరిగిన ఇంటికి మొదటిసారి పోయినవాళ్ళు లేచేటప్పుడు పోయొస్తామని చెప్పరు. మళ్ళీ వస్తాం అంటే, మళ్ళీ ఇట్లాంటి పనిమీదే రావాలని కోరినట్టు. నోరెత్తకుండా లేచి వచ్చేస్తారు. మా ఆయన కింద పని చేసిన పన్నెండు మందీ అట్లాంటి ఇండ్లలో ఆ ఒక్క మాట మింగి, టిక్కు పెట్టి, లేచి వచ్చేవాళ్ళు. ఇదొక తప్పని మా ఆయనకు గానీ వాళ్ళకు గానీ ఎప్పుడూ తోచలేదు. ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు, కాగితం మీద రాసింది లేదు.

రెండేండ్ల కిందట ఆ ఆఫీసుకు పెద్ద ప్రాజెక్టు ఒకటి వచ్చింది. మన దేశంలో, బంగ్లాదేశ్‌లో, కెన్యాలో ఒకేసారి జరిగేది. ఇంట్లో సంపాదించే మనిషి చనిపోతే ఆ ఇంటి పిల్లల చదువు, ఆడవాళ్ళ బతుకు ఏమవుతాయి అని చూడడం. దాన్ని నడిపేదానికి పరిశోధకులు కావాలని ప్రకటన ఇచ్చినారు. వందకు పైగా అర్జీలు వచ్చినాయంట. విదేశాల్లో ఉండే కమిటీవాళ్ళు చదువులు చూసి, కంప్యూటర్లో మాట్లాడి, ఏరి ఏరి ముగ్గురిని మిగిల్చినారు. ఆ ముగ్గురూ ఒక్కొక్కరు రెండేసి రోజులు జయచంద్రతో పల్లెలకు పోవాల, తామే కూర్చుని అడగాల. ఎట్లా చేసినారో మా ఆయన రాసివ్వాల. అది చూసి కమిటీవాళ్ళు తేల్చుకుంటారు.

"నేను పరీక్ష పెట్టడమేంది పంకజా, వాళ్ళు డాక్టరేట్లు" అని నవ్వినాడు ఆ దినం. కానీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు.

మొదట వచ్చినాయన ఢిల్లీ మనిషి. తెలుగు రాదు, పక్కన చెప్పేవాళ్ళు కావాల. రెండో ఆయన హైదరాబాదు. మాటకారి, ఇంటింటా టీ తాగినాడు, ప్రశ్నలు మాత్రం తనకు తోచినట్టు మార్చేసినాడు. మూడో మనిషి మోహన. నగరిలో మరమగ్గాల మీద పని చేసే ఇంటి పిల్ల. స్కాలర్‌షిప్పులతోనే చదువుకుని, బయటి దేశంలో డాక్టరేటు తెచ్చుకునింది. "ఈ పాప వస్తే బాగుంటుంది. మన మాట, మన మనిషి" అని ఆ పొద్దున్నే చెప్పి బండెక్కినాడు.

సాయంత్రం వచ్చినప్పుడు మొఖం వాడిపోయి ఉండాది. కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

జరిగింది ఇది. తిరుమలమ్మ అని ఒక పెద్దామె. రేణిగుంటలో లారీ నడిపే ఆమె కొడుకు గిరి చనిపోయి రెండు నెలలు. కోడలు, ఇద్దరు పిల్లలు, ఇంకో కొడుకు ఉండారు. మోహన గంటసేపు కింద చాప మీద కూర్చుని, ఎంతో నిదానంగా అడిగిందంట. కోడలు ఏడిస్తే ఆపి, నీళ్ళు తాగించి, ఆమె సరేనన్నాకే మళ్ళీ మొదలుపెట్టిందంట. మా ఆయన వాకిట్లో నిలబడి వింటా, ఇంత బాగా అడిగే మనిషిని నేను చూడలేదే అనుకున్నాడంట. అంతలో ఆఖరి మాట వచ్చింది. మోహన ఒక నిమిషం ఆగి, దాన్నీ చదివేసింది. మళ్ళీ ఏడాది మీ ఇంటికి మళ్ళీ వస్తాము.

తిరుమలమ్మ దిగ్గున లేచింది. "ఎవురు పోవాలని వస్తారే మళ్ళీ? ఇంగొక కొడుకు ఉండాడు నాకు, వాడు పోవాలనా? లెయ్ నా ఇంట్లో నుంచి!" అని చేటతో నేల మీద కొట్టింది. వీధిలోవాళ్ళు పోగయినారు. ఆ దినం ఆ ఊళ్ళో ఇంకో తలుపు తెరుచుకోలేదు.

కొత్త ట్యాబులలో మాటలు రికార్డవుతాయి. చేట కొట్టిన శబ్దంతో సహా అంతా సాయంత్రానికి ఆఫీసుకు చేరింది. ఆఫీసు పెద్ద యోగానంద సారు ఫోన్ చేస్తే మా ఆయన స్పీకర్ పెట్టినాడు, నేనూ విన్నాను.

"జయచంద్రా, కమిటీవాళ్ళు అడుగుతా ఉండారప్పా. చావింట్లో వాళ్ళను బాధపెట్టిన మనిషికి ఈ ప్రాజెక్టు ఎట్లా ఇచ్చేదని. నువ్వు రెండు లైన్లు రాసియ్యి. ఈ అమ్మాయికి పల్లెల మర్యాద తెలియదని రాయి, చాలు."

"తెలియక కాదేమో సార్" అన్నాడు ఈయన.

"తెలిసి చదివిందంటే ఇంకా తప్పు గదప్పా. రెండు దినాల్లో పంపియ్యి."

మరుసటి దినం మధ్యాహ్నం మోహనే మా ఇంటికి వచ్చింది. సన్నటి మనిషి, కాటన్ చీర, కండ్లు ఎర్రగా ఉండాయి. లోపలికి రమ్మంటే రాలేదు, గడపకాడే కూర్చునింది.

"అన్నా, నా గురించి ఏం రాయమని చెప్పేదానికి రాలేదు. ఆ పెద్దామె దగ్గరికి పోవాల. ఒక్కదాన్నే పోతే రానిస్తుందా?"

మా ఆయన, "నగరి పిల్లవు. ఆ మాట చావింట్లో అనకూడదని నీకు తెలీదా పాపా?" అన్నాడు.

"తెలుసన్నా. మా నాయన విన్నింటే మగ్గం ఆపి వచ్చి చెంప పగలగొట్టేవాడు."

"మరి?"

"మీరే కదా ముందు దినం ట్రైనింగులో చెప్పింది. అచ్చులో ఉండేది ఉన్నట్టు చదవాల, ఒక్క మాట మార్చబాకండి, ఒక్క మాట వదలబాకండి అని. చదవకుండా టిక్కు పెడితే అబద్ధం అవుతుందన్నారు." కొంగుతో మొఖం తుడుచుకునింది. "నోటికాడ ఆగింది అన్నా ఆ మాట. కానీ కమిటీవాళ్ళు ఆ రికార్డు వింటారు. ఈ పక్క పిల్ల కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటుంది, దీనికి శాస్త్రం పట్టదు అనుకుంటారని భయమేసింది. ఢిల్లీ ఆయన ఒక మాట వదిలితే భాష రాదులే అంటారు. నేను వదిలితే అట్లా అంటారా?"

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చినాను. తాగి, గ్లాసు తనే కడిగి పెట్టింది.

పలకరింపుకు పోవడమంటే ఆడవాళ్ళ పని. నేనే తోడు పోయినాను, ఆయన ఊరి బయట బండికాడ నిలబడినాడు. తిరుమలమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తా ఉండాది. మమ్మల్ని తేరిపార చూసింది.

"ఏం పాపా, మళ్ళీ వస్తానంటివి. మరుసటి దినమే వచ్చేసినావే" అనింది.

మోహన పోయి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, కిందికి చూస్తా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. తిరుమలమ్మ చెయ్యి ఆపలేదు, గింజలు తీస్తానే ఉండాది.

"ఆ యంత్రం తెచ్చినావా?"

"లేదవ్వా."

"అట్లయితే కూర్చో. నిన్న అడిగితివే, నా కొడుకు పోయినాక ఈ ఇంట్లో ఏం మారింది అని. వాడు పోయిన కాడినుంచి పిల్లోడు బడికి పోయేటప్పుడు సూడు, లారీ శబ్దమైతే నిలబడిపోతాడు. ఆ శబ్దం పోయేదాకా కదలడు. బడి గంట కొట్టేసినాక పోతాడు. రోజూ దెబ్బలు తింటాడు. నిన్న చెప్పలేదు. నీ యంత్రంలో దానికి చోటు లేదు గదా."

మోహన తల ఎత్తి ఆమెనే చూస్తా వినింది. ఒక్క మాట రాసుకోలేదు. కాసేపటికి ఇద్దరం లేచి వచ్చేసినాము.

ఆ సాయంత్రం మా ఆయన తెల్ల కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. యోగానంద సారు చెప్పిన రెండు లైన్లు రాస్తే మోహనకు ఆ పని రాదు. ఆ పిల్లది తప్పు కాదని రాయాలంటే, ఎవరిదో చెప్పాల. ఆ మాట తెలుగులో రాసింది ఈయన. చావిండ్లకు వేరే మాట పెట్టాలని అడగనిది ఈయన. అంతకంటే పెద్ద సంగతి, ఇన్నేండ్లుగా ఈయన మనుషులు ఆ మాట చదవకుండానే చదివినామని టిక్కు పెట్టినారు, ఈయన కింద సంతకం పెట్టినాడు. అది బయటపెడితే తన ఉద్యోగం తన చేత్తో తీసేసుకున్నట్టే.

"ఏం చెయ్యమంటావే?" అన్నాడు.

నేను ఎప్పుడూ ఆయన పనిలో ప్రశ్నల గురించి తప్ప నోరు విప్పలేదు. "ఆ పాపకు ముందుగా చెప్పి ఉండినావా, చావింట్లో అది వదిలెయ్యమని?" అన్నాను.

"లేదు. చెప్పాల్సిన పని ఉందనుకోలేదు."

"ఆ మాట నాకు మొదట చదివిన దినం నేను చెప్తే నువ్వు రాసిపెట్టుకోలేదు. నేను కూడా మళ్ళీ గుర్తు చెయ్యలేదు. తప్పు మనిద్దరిదీ అయితే, ఆ పిల్ల నెత్తిన ఎందుకు వెయ్యాల?"

నేను లేచి దీపం పెట్టను పోయినాను. అట్లా అన్నానే గానీ, అనకుండా ఉంటే బాగుండేదేమో అని ఆ గడియలోనూ అనుకున్నాను, ఇప్పుడూ అప్పుడప్పుడు అనుకుంటా ఉంటాను. నాకూ భయమే కదా. ఆయన యాభై మూడేండ్ల మనిషి, ఆ పని తప్ప వేరేది తెలియదు.

రెండు లైన్లు కాదు, రెండు పేజీలు రాసినాడు. తెలుగులోనే రాసి, కింద సంతకం పెట్టి, చదివి వినిపించినాడు. మోహన గురించి మూడు వాక్యాలే ఉండాయి. చాప మీద గంటసేపు కూర్చునింది, కోడలు ఏడిస్తే ఆగింది, చెప్పినట్టు చదివింది. తక్కిందంతా తన గురించి. చివర్లో, చావు జరిగిన ఇంట్లో మళ్ళీ వస్తామనే సంగతి లేచేటప్పుడు కాకుండా కూర్చునేటప్పుడే అడిగి ఒప్పించుకోవచ్చు, లేచేటప్పుడు ఏమీ చదవనక్కరలేకుండా మార్చండి అని రాసినాడు. ఇంత చిన్న సంగతి ఇన్నేండ్లూ ఎందుకు తోచలేదో అని తనే తల కొట్టుకున్నాడు.

యోగానంద సారు బండి వేసుకుని ఇంటికే వచ్చినాడు. "నీకేమన్నా పిచ్చా జయచంద్రా? ఇది పంపితే వాళ్ళు పాత సర్వేలన్నీ తవ్వుతారు."

"తవ్వనీ సార్."

"ఆ అమ్మాయి నీకేమవుతుందప్పా?"

"ఏమీ కాదు. నేను చెప్పినట్టు చేసింది, అంతే."

సారు మంచం మీద చాలాసేపు కూర్చున్నాడు. నేను పెట్టిన కాఫీ చల్లారిపోయింది. లేచేటప్పుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కూడా దాచిపెట్టలేదు, ఇంగ్లీషు చేసి పంపినాడు. ఆ మాట నేను చెప్పాల.

ఐదు వారాలకు తేలింది. పని మోహనకే ఇచ్చినారు. మూడు దేశాలలోనూ చావిండ్లలో అడిగే పద్ధతి ముందు ఆ ఊళ్ళవాళ్ళతో మాట్లాడి మార్చాలని కమిటీవాళ్ళు రాసినారంట. మా ఆయన సూపర్వైజరు పని తీసేసినారు. పాత సర్వేలలో చావు జరిగిన ఇండ్లు నాలుగు వందల పన్నెండు ఉంటే, వాటిని నమ్మదగనివి అని పక్కన పెట్టినారు. టిక్కు అబద్ధమైనప్పుడు లోపలి జవాబులు మాత్రం నిజమని ఎట్లా అనుకునేది అని.

ఉద్యోగం పోయినదానికి ఆయన అంత బాధపడలేదు. ఆ నాలుగు వందల పన్నెండు ఇండ్లకు మాత్రం మూడు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. "వాళ్ళు నిజం చెప్పినారు పంకజా. ఏడ్చుకుంటా చెప్పినారు. నా టిక్కు వల్ల వాళ్ళ మాట అబద్ధమైపోయింది" అన్నాడు.

నాలుగో దినం మోహన వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చునింది. "అన్నా, సూపర్వైజరుగా తీసుకునే అధికారం నాకు లేదు. ఇండ్లకు పోయి అడిగే మనిషిగా అయితే తీసుకోవచ్చు. మీ కింద పని చేసినవాళ్ళతో సమానంగా. అడగాలంటేనే సిగ్గుగా ఉండాది."

మా ఆయన గోడ గడియారం పక్క చూసినాడు. "రేపు ఎన్నింటికి రావాల మేడం?" అన్నాడు.

"మేడం అనబాకన్నా."

"ఆఫీసులో మేడమే. ఈడ కాఫీ తాగు, పాపవే."

పదునాలుగు నెలలు ఆమె కింద పని చేసినాడు. ముందు ఆయన కింద పని చేసిన చిత్తూరు కుర్రోడొకడు, "ఏందన్నా, కిందికి దిగితివే" అని ఎత్తిపొడిస్తే, "వాకిట్లో నిలబడి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టినాయి అబ్బా, ఇప్పుడు లోపల చాప మీద కూర్చోనిస్తా ఉండారు" అన్నాడంట. ఆదివారాలు మాత్రం ఒక్కడే పోయేవాడు. ఆ నాలుగు వందల పన్నెండు ఇండ్లలో ఒక్కొక్కటి వెతుక్కుంటా పోయి, జరిగిన సంగతి దాచకుండా చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటే మొదటి ప్రశ్ననుంచి మళ్ళీ అడిగి రాసుకొచ్చేవాడు. ఎవరూ చెయ్యమనలేదు. వాటిని తీసుకుంటారో లేదో మోహనకు కూడా తెలియదు. కమిటీని అడుగుతా ఉండాననింది, ఇంకా అడుగుతానే ఉండాది.

నూటా అరవై ఏడో ఇంటినుంచి వచ్చిన ఆదివారం, గుండెలో మంటగా ఉండాదని పడుకున్నాడు. పుత్తూరు ఆస్పత్రికి చేరేలోపల అయిపోయింది.

ఆ కాగితాలు బీరువాలో ఆయన చొక్కాల కింద ఉండాయి. మోహన వచ్చి అడిగితే ఇచ్చినాను. మిగిలిన ఇండ్ల జాబితా కూడా ఇచ్చినాను. అందులో వడమాలపేటలోవి తొమ్మిది ఉండాయి. అవి నాకు తెలిసిన ఇండ్లే. వాటికి నేనే పోతాను, నాకు విడవమని అడిగినాను. రాసుకునేది ఎట్లాగో చూపించమన్నాను.